రైలు వచ్చినప్పుడే నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రైలు వస్తేనే మంచినీళ్లు తాగేవాళ్లం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గాని, కొన్నాళ్లపాటు అదే మా ఇంటి చట్టం. తెనాలిలో పట్టాల పక్క వీధిలో ఉండేవాళ్లం. కిటికీ తీస్తే కొంచెం ఖాళీ స్థలం, దాని అవతల రైళ్లు. మద్రాసు వైపు పోయేవి, బెజవాడ వైపు పోయేవి, రేపల్లె పాసింజరు, గూడ్సులు, పొద్దస్తమానం ఏదో ఒకటి పోతూనే ఉండేది. మా నాన్న దర్జీ. ముందు గదిలో ఆయన మిషను, వెనక గదిలో మా సంసారం. అమ్మ, నాన్నకు తల్లి అయిన మా దాదిమా, నేను, నాకంటే మూడేళ్లు చిన్నదైన మా చెల్లి.

ఆ చట్టం పుట్టింది చెల్లి కోసమే. గౌను లోపలి కుట్టు మెడకు తగిలితే వీధి చివరిదాకా వినపడేలా అరిచేది. అందుకని నాన్న దాని గౌన్లన్నీ తిరగేసి, కుట్లు బయటికి వచ్చేలా కుట్టేవాడు. చూసినవాళ్లు దర్జీ ఇంట్లోనే ఇదేం కుట్టు అని నవ్వేవారు. అదే పిల్ల కాల్లో ముల్లు దిగినా కుంటుతూ తిరిగేదేగాని నొప్పి అనేది కాదు. ఆకలనీ దాహమనీ దాని నోట ఎప్పుడూ వినలేదు. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఒంటికి వచ్చిన సంగతి కూడా గౌను తడిసిపోయాకే దానికి తెలిసేది. అప్పుడు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయేది అదే.

చుట్టాల్లో కొందరు దాన్ని బంగారు తల్లి, ఏడుపే ఎరగదు అనేవారు. మరికొందరు మొండిఘటం అనేవారు. ఈ రెండు మాటలూ ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. అది మంచితనమూ కాదు, మొండితనమూ కాదు. దాని ఒంట్లో ఏం జరుగుతున్నదో ఆ కబురు దానికి చేరేది కాదు, అంతే. కాని ఆ రోజుల్లో అలా చెప్పగలిగిన మనిషి మా వీధిలో ఎవరున్నారు?

ఉన్నది ఒక్కరే, మా దాదిమా. ఆ సంగతి ఆమెకు ఒక రంజాన్ సాయంత్రం తెలిసింది. పిల్లలకు రోజా ఉపవాసం అక్కర్లేదు గనక మాకు మామూలుగా అన్నం పెట్టేవారు. ఆ రోజు చెల్లికి దాదిమా పెట్టిందని అమ్మ, అమ్మ పెట్టిందని దాదిమా అనుకున్నారు. పొద్దు వాలేవేళకు గాని అది పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదని తేలలేదు. ఊరి నుంచి వచ్చిన మేనత్త మురిసిపోయి, ఇంత పసిది ఒక్కమాట అడక్కుండా రోజా ఉందని దాన్ని ఎత్తుకుని ముద్దులు పెట్టింది. అంతలో అజాన్ వినపడింది. అందరి చేతులూ ఒక్కసారిగా గ్లాసుల మీదికి పోయాయి. చెల్లి మాత్రం చెవులు మూసుకుని తన గ్లాసులో తేలుతున్న సబ్జా గింజలను చూస్తూ కూర్చుంది. దాదిమా తాగబోయిన గ్లాసు కింద పెట్టి, దాని గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. నాలుక ఎండిపోయి ఉంది.

"ఇది రోజా కాదే పిచ్చిదానా, దీనికి దాహం వేసినట్టు దీనికే తెలియట్లా" అంది మేనత్తతో.

ఆ తర్వాత ఆమె చాలా ఆలోచించినట్టుంది. మనం మాత్రం సాయంత్రం దాహం చూసుకుని తాగుతున్నామా, అజాన్ విని తాగుతున్నాం, దీనికీ బయటినుంచి ఎవరో ఒకరు చెబితే సరిపోదా అని నాన్నతో అనడం నేను విన్నాను. మసీదు మైకు మోగితే చెల్లి చెవులు మూసుకునేది. రైలంటే మాత్రం ప్రాణం. కూత వినపడితే చాలు, చేతిలో ఏమున్నా పారేసి కిటికీకి పరిగెత్తేది. అందుకని పండగ వెళ్లిన మర్నాడే దాదిమా కిటికీలో కూజా పెట్టింది. రైలు రాగానే దానికో గ్లాసు, నాకో గ్లాసు, తనకో గ్లాసు. ముగ్గురం రైలును చూస్తూ తాగేవాళ్లం. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి తాగేది. నాన్న అయితే మిషను ఆపి గ్లాసు పైకెత్తి డ్రైవరుకు సలాం చేసేవాడు. చెల్లి పగలబడి నవ్వేది. దాని పెదాల మీద పగుళ్లు పోయాయి, బుగ్గలు కాస్త నిండాయి. ఇరుగుపొరుగు వాళ్లకు మా దాదిమా తెలివి గురించి చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది.

పోను పోను చెల్లికి అలవాటైపోయింది. కూత వినగానే తనే వంచుకుని తాగేది. ఇంక మేమెందుకు లేవాలి? మొదట నాన్న మానేశాడు, తర్వాత అమ్మ, తర్వాత నేను. చివరికి దాదిమా కూడా కూర్చున్నచోటు నుంచే తాగావా అని కేకేసి ఊరుకునేది. అది తాగేది కూడాను. ఇందులో ఎవరి తప్పూ లేదు. పనిచేస్తున్నదాన్ని ఎవరు మాత్రం రోజూ లేచి చూస్తారు?

ఆ వేసవిలో అమ్మ కాన్పుకని బాపట్లలో పుట్టింటికి వెళ్లింది. నిప్పులు చెరిగే ఎండలు. పెళ్లిళ్ల రోజులు కావడంతో నాన్నకు తల ఎత్తే తీరిక లేదు. అప్పుడే రైల్వే సమ్మె వచ్చింది. మొదట్లో ఒకటీ అరా బళ్లు పోలీసుల కాపలాతో నడిచాయి. తర్వాత మా వైపు అవీ ఆగిపోయాయి. వీధంతా ఎంత నిశ్శబ్దమైందంటే, మధ్యాహ్నాలు హాయిగా కన్నంటుకుంటున్నదని దాదిమా సంతోషించింది. ఎన్నో ఏళ్ల తర్వాత తన మిషను చప్పుడు తనకు వినపడుతున్నదని నాన్న అన్నాడు.

చెల్లి కిటికీ దగ్గర గ్లాసు పట్టుకుని కూర్చునేది.

"రైలు రాలా" అనేది వచ్చినవాళ్లందరితో. దానికి వచ్చిన మాటలే కొద్ది. వాటిలో అదొకటి పదే పదే అంటుంటే, పాపం రైళ్ల మీద బెంగపెట్టుకుందని అందరం జాలిపడ్డాం. "సమ్మె కదమ్మా, అయిపోగానే వస్తయిలే" అని నాన్న ఓపికగా చెప్పేవాడు. అది బుద్ధిగా తల ఊపి మళ్లీ కిటికీ వైపు తిరిగేది. కూజా దాని మోచేతి పక్కనే ఉంది. అందులో నీళ్లున్నాయి. అన్నంలో కలిపిన మజ్జిగతోనే అన్నాళ్లూ దాని ప్రాణం నిలబడిందని మాకు తర్వాత తెలిసింది.

ఒక సాయంత్రం అది కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. దాదిమా నోరు తెరిపించి చూసి కెవ్వుమంది. నాన్న ఎత్తుకుని రిక్షాలో ఆసుపత్రికి పరిగెత్తాడు. వెంటనే సెలైను ఎక్కించారు, చేయగలిగినదంతా చేశారు. తెల్లవారాక కొంతసేపటికి మా చెల్లి పోయింది. దాని ముఖంలో బాధపడ్డ ఆనవాలే లేదు. అది చూసి కొందరు మంచి చావు అన్నారు. నాకు వాళ్ల నోళ్లు నొక్కెయ్యాలనిపించింది.

అమ్మ నిండు చూలుతో బస్సులో వచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే ఒక్కటే అడిగింది, చివరికైనా నీళ్లు తాగిందా అని. దాదిమా కోడలి కాళ్ల దగ్గర కూలబడిపోయింది.

"బిడ్డని రైలుకి అప్పజెప్పి నేను పడుకున్నానే తల్లీ. అలవాటయ్యేదాకా కాదు, కడదాకా దాంతోపాటు తాగాల్సింది" అని ఏడ్చింది.

అమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చుని ఆమె తల తన ఒళ్లో పెట్టుకుంది. సమ్మె విరమించాక రైళ్లు మళ్లీ వచ్చాయి. మొదటి కూత విన్నప్పుడు మా ఇంట్లో అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.

ఇప్పుడు నేను రేపల్లెలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నా మనవడికి ఆరేళ్లు. వాడికి ఆటిజం అని గుంటూరులో డాక్టరమ్మ చెప్పింది. కొందరు పిల్లలకు ఆకలి, దాహం, నొప్పి లాంటి లోపలి కబుర్లు సరిగా అందవనీ, కొందరికి మరీ ఎక్కువై తట్టుకోలేరనీ ఆమె విడమరిచి చెబుతుంటే మా అమ్మాయి శ్రద్ధగా విన్నది. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వచ్చేశాను. ఈ నాలుగు మాటలు చెప్పేవాళ్లు అప్పుడు ఒక్కరుంటే ఈపాటికి నా చెల్లెలు కూడా తల నెరిసి నా పక్కనే కూర్చుని ఉండేది.

ఇంటికి రాగానే మా అమ్మాయి వాడి నీళ్ల కోసం ఫోన్లో అలారం పెట్టింది. మంచి పనే చేసింది. అది మోగుతుంది, వాడు లేచి తాగుతాడు. అయినా మోగిన ప్రతిసారీ నేను గోడ పట్టుకుని లేస్తాను. కరెంటు పోయి ఫోను చచ్చిన రోజూ లేస్తాను. "అలారం ఉందిగా అమ్మీ, నువ్వెందుకు ఊరికే లేవడం?" అని విసుక్కుంటుంది మా అమ్మాయి. రెండు గ్లాసులు నింపి, ఒకటి వాడికిచ్చి, ఎదురుగా కూర్చుని రెండోది నేను తాగుతాను. చాలాసార్లు నాకు దాహం ఉండదు. అయినా తాగుతాను.