అత్తమ్మ తెచ్చుకున్న పోచమ్మ

మొన్న హైటెక్ సిటీలో ఒక మాల్‌కు వెళ్తే, గుమ్మం దగ్గర రబ్బరు రాక్షసబల్లి మెడ తిప్పుతూ అరుస్తోంది. అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం దండం పెట్టాలనిపించింది. అందుకు కారణం మా అత్తమ్మ.

ఆమెది చెన్నూరు వైపు, గోదావరి ఒడ్డు పల్లె. మేం హైటెక్ సిటీ పక్కనే కొత్తగూడలో ఫ్లాటు కొనుక్కున్నాక బట్టల మూటతో పాటు గోనెసంచిలో ఒక ఎర్రటి రాయిని కూడా తెచ్చుకుంది. మామయ్య చనిపోయిన ఏడు, ఆమె చేను దున్నుతుంటే నాగలికి తగిలిందట. పోచమ్మే తనకు తోడు వచ్చిందని నమ్మి, ఆ ధైర్యంతోనే పిల్లల్ని పెంచింది. లిఫ్టు దాకా మోసినందుకే మా ఆయనకు నడుము పట్టేస్తే, "తల్లి బరువు గాదు, నీకే బలం లేదు" అని తేల్చేసింది. రాయికి బాల్కనీలో గద్దె కుదిరింది. శుక్రవారం మా ఇంట్లో గుడ్డు పేరెత్తడానికి కూడా లేదు.

అలాంటి ఒక శుక్రవారం పై ఫ్లాటు మాస్టారు ప్రసాదానికి వచ్చారు. కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెప్పి రిటైరైన కోస్తా మనిషి. రాయి మీద పసుపు రాలిన చోట వేలితో తడిమి, కళ్లజోడు సర్దుకుని, "ఇది రాయిగా మారిన ఎముకండి. మీ గోదావరి వైపు రాతిపొరల్లో రాక్షసబల్లులవి దొరుకుతాయండి. కోట్ల ఏళ్ల నాటిది" అన్నారు.

నా చేతిలోంచి హారతి పళ్లెం జారిపోయింది. పూజలో ఎముక, అదీ శుక్రవారం. అత్తమ్మ లేచి, తలస్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే గోడకు ఆనుకుని కూర్చుంది. ఇన్నేళ్లూ ఆమె తన కష్టమంతా చెప్పుకున్నది ఎవరికి? ఆ సాయంత్రం ఆమె దీపం పెట్టలేదు, అన్నం ముట్టలేదు. రాయిని బయట పెట్టమంటుందేమోనని మా ఆయన గోనెసంచి వెతికి ఉంచాడు.

మర్నాడు మాస్టారు నొచ్చుకుంటూ మళ్లీ వచ్చారు. అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది.

"సారూ, జర నిజం చెప్పుండ్రి. అది ఆడిదా, మొగదా?"

"ఒక్క ఎముకతో చెప్పలేమండి."

"గన్ని ఏండ్లు మట్టిల ఒక్కతే ఉన్నదా?"

ఆయన తలూపారు.

"మరిగ ఎట్ల పారేస్త? ఒక్కతే ఉంటే ఎట్లుంటదో నాకెరుక" అని చెంబుతో నీళ్లు తెచ్చి, రాయిని కడిగి, మళ్లీ పసుపు పూసింది.

ఇప్పుడు శుక్రవారం పసుపు పూసేది నేనే. కోట్ల ఏళ్లంటే ఎంతో నా ఊహకు అందదు. అత్తమ్మ లేని ఈ ఒక్క ఏడాదే నాకు గడవడం లేదు.