ఏనుగు చెవుల ఆకు

మొన్న ఖమ్మంలో ఒక నర్సరీ ముందు కుండీలోని మొక్కను చూసి ఆగిపోయాను. చాటంత ఆకులు, లావుపాటి కాడలు. కొత్త ఇళ్ల వాళ్లు వరండాల్లో అందానికి పెట్టుకుంటున్నారని నర్సరీ ఆయన చెప్పాడు. నేను మాత్రం దూరంగానే నిలబడి, దురద పెడుతుందా అని రెండుసార్లు అడిగాను. అరవై దాటినా ఆ ఆకును నేను నమ్మను.

మా నాన్న ఇల్లందులో బొగ్గుబావి పనికి పోయేవారు. పక్క క్వార్టర్‌లో బట్టలు కుట్టే ఒకామె ఉండేది, ఉర్దూలో పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచేవాళ్లం, ఆమే మా అమ్మకు తోబుట్టువులాంటి మనిషి. ఆ రోజుల్లో ఇచ్చిన గిన్నెను ఎవరూ వట్టిగా తిప్పి పంపేవాళ్లు కాదు, మీ ఇళ్లల్లోనూ అంతే కదా. ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలైనా వేసేవాళ్లు. ఒకసారి అలా మా సత్తుగిన్నెలో ఖాలా తడిమట్టితో ఒక దుంప పెట్టి నా చేతికిచ్చింది.

"అమ్మకు చెప్పు బిడ్డా, గిది సూసేటందుకే. వండొద్దు."

వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే ఆ మాట అక్కడే మరిచిపోయాను.

ఆ దుంపను అమ్మ స్నానాల నీళ్లు పారే చోట నాటితే, వానలు పడేసరికి ఏనుగు చెవులంత ఆకులు వేసింది. పాములు చేరతాయని నాయనమ్మ మొదటి నుంచీ గొణిగేది. చేమాకే కదా, చింతపండు పడితే దురద చస్తుందనే ధీమాతో అమ్మ ఒకనాడు పులుసు పెట్టింది. రెండు ముద్దలకే నాన్న గొంతు పట్టుకున్నారు, నాయనమ్మ పెదవులు వాచాయి. ఖాలా మందు పెట్టిందని నాయనమ్మ తేల్చేసింది. అమ్మ మొదట కాదంది, తర్వాత ఊరుకుంది, సాయంత్రానికి ఖాలా అంతకుముందు పంపిన సేమియాను కూడా అనుమానించింది. నాకప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. చెబితే వీపు విమానం మోతేనని నోరు మూసుకున్నాను.

మరునాడు అమ్మ ఆ సేమియా గిన్నె కడిగి నా చేతికిచ్చింది.

"వట్టిదే ఇచ్చి రా."

ఖాలా గిన్నెలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది. నేను చెప్పలేదని ఆమెకు ఆ క్షణానే తెలిసిపోయిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. మరుసటి ఏడు వాళ్లు కొత్తగూడెం మారిపోయారు. అమ్మ ఆమెను అనుమానిస్తూనే కన్నుమూసింది, నేను సిగ్గుతో చెప్పనే లేదు.

కుండీ కొనకుండానే ఇంటికొచ్చాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఏదైనా పంపితే ప్లాస్టిక్ డబ్బాలో పంపి, డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదంటారు. వట్టి గిన్నె చూసి నొచ్చుకునే మనిషి నాకిప్పుడు పక్కింట్లో లేదు.