కార్బ్యురేటర్ మీద రెండు దెబ్బలు

ఇది కాగితం మీద పెట్టక తప్పడం లేదు. ఆ రాత్రి సంగతి నేను ఎల్లాజీ ఒక్కడికే చెప్పాను. వాడు పేటంతా చెప్పాడు. తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి, ట్రాక్టరు దానంతట అదే సముద్రంలోకి దిగిందనీ, సీటు మీద తల లేని మనిషి కూర్చున్నాడనీ అయింది. అదంతా అబద్ధం. జరిగింది అంతకంటే చిన్నది. కానీ జరిగింది. ఈ రెండు చెవులతో విన్నాను. నేను తాగను. లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. ఆ చదువు మీద ఒట్టు.

ఎనభైల మొదట్లో మాట. ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్నారు. అందులో ఉద్యోగుల క్వార్టర్ల చుట్టూ నాటడానికి మొక్కలు పెంచే తోట ఒకటి సముద్రం ఒడ్డున ఉండేది. అందులో కాపలా నేనే, డ్రైవరూ నేనే. ఓనరుగారు సీతమ్మధారలో ఉండేవారు. తోటలో మడుల మధ్య తిరిగే చిన్న ట్రాక్టరు ఉండేది. ఒకే సిలిండరు, పెట్రోలు ఇంజను, తాడు చుట్టి లాగితే స్టార్టయ్యేది. మొండికేసినప్పుడల్లా సిటీలోని పాతపట్నం నుంచి ఖాదర్ భాయ్ అనే మెకానిక్ వచ్చేవాడు. మంచివాడే. కానీ తన చేతి కిటుకు ఎవరికీ చూపించడు. నా చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉంటుందని నన్ను కితాబ్ బాబూ అనేవాడు.

"కితాబ్ బాబూ, బయటికెళ్లి బీడీ తాగిరా."

"నాను తాగను భాయ్."

"అయితే చదువుకో, పో."

షెడ్డు తలుపు వేసేసుకునేవాడు. ఐదు నిమిషాల్లో ఇంజను మోగేది.

ఆ కక్షతోనే లైబ్రరీలో ఇంజన్ల పుస్తకం పట్టాను. ఇంగ్లీషు పుస్తకం. పక్కన డిక్షనరీ పెట్టుకుని నోటుబుక్కులోకి తెలుగులో ఎక్కించుకున్నాను. ఒకటి, పెట్రోలు వస్తోందా. రెండు, ప్లగ్గులో నిప్పురవ్వ వస్తోందా. మూడు, సిలిండరులో గాలి బిగువు ఉందా. మూడూ ఉండి కూడా స్టార్టవకపోతే... ఆ తర్వాతి రెండు పేజీలు ఎవరో చించుకుపోయారు.

ఆ రాత్రి గాలి లేచింది. కరెంటు పోయింది. పదింటికి ఎవరో తలుపు బాదారు. ఎల్లాజీ. తోట కింద పేటలో చేపల వేట చేసేవాడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అనే పిలుస్తాడు.

"బావా, నెగు, నిద్దరోయింది సాలు! సముద్రం ఎక్కొచ్చేత్తంది. పడవ కాడికొచ్చీసింది నీరు!"

"మీవోలంతా ఏరీ?"

"ఎలమంచిలి పెళ్లికెల్లిపోనారు కదేటి! పేటలో ఉన్నది నానూ, మాయమ్మా, ముసిలోలూ. పదిమంది లాగే పడవ నానొక్కణ్నీ లాగ్గలనేటి? నీ ట్రాక్టరు తియ్యి బావా."

వాళ్ల నాన్న చేయించిన పడవ అది. ఆయన పోయి ఏడాది కాలేదు. అది విరిగితే ఎల్లాజీ ఇంకొకరి పడవలో కూలికి వెళ్లాల్సిందే.

షెడ్డులోకి పరిగెత్తాం. తాడు చుట్టి లాగాను. గుడగుడమంది... అంతే.

నోటుబుక్కు తెరిచాను. ఎల్లాజీ టార్చి పట్టుకున్నాడు. ట్యాంకు కింద గొట్టం ఊడదీశాను. పెట్రోలు ధారగా వచ్చింది. గొట్టం బిగించి, ప్లగ్గు విప్పి ఇంజనుకి ఆనించాను. వాడు తాడు లాగాడు. నీలం రవ్వ చిటుక్కుమంది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టాను. గాలి వేలిని తన్నేసింది. మూడూ ఉన్నాయి. మళ్లీ అన్నీ బిగించాను. లాగాను. పదిసార్లు... ఇరవైసార్లు. అరచెయ్యి చీరుకుపోయింది.

"అలల్ని ఆపడానికేటైనా రాసుందేటి బావా, ఆ బుక్కులో?" అన్నాడు ఎల్లాజీ. నవ్వలేదు. "నాను పోయి పడవకి తాడు కట్టుందో లేదో సూసొత్తాను."

వాడు వెళ్లాక గాలికి తలుపు కొట్టుకుంటుంటే లోపల గొళ్లెం పెట్టాను. పనిముట్లన్నీ గోనెపట్టాలో చుట్టి ముడివేసి పక్కన పెట్టుకున్నాను. వాడు వదిలి వెళ్లిన టార్చి వెలుగు పసుపురంగుకి దిగిపోయింది. బ్యాటరీ మిగలాలని ఆర్పేశాను.

చీకటి.

రేకుల మీద ఇసుక రాలుతున్న చప్పుడు. కింద సముద్రం. నా ఊపిరి. ఉన్నట్టుండి గాలి కాసేపు ఆగింది.

ఠక్... ఠక్.

ఇనుము మీద ఇనుము. నాకు మూరెడు దూరంలో. ఎవరో పని తెలిసినవాడు, తొందర లేకుండా కొట్టినట్టు.

టార్చి వేశాను. ఎవరూ లేరు. గొళ్లెం పెట్టిన చోటే ఉంది. గోనెమూట ముడి విడలేదు. ఎలకేమో అనుకున్నాను. ఇంజను వేడెక్కి చల్లారుతుంటే చప్పుళ్లు వస్తాయని చదివాను. కానీ ఇది వేడెక్కితే కదా... చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

టార్చి దానంతట అదే ఆరిపోయింది.

ఠక్... ఠక్.

ఈసారి ఎక్కడో తెలిసింది. ట్యాంకు కింద, ఇంజనుకి పెట్రోలు అందించే కార్బ్యురేటర్ దగ్గర. వెంటనే లోపల సన్నగా... జుయ్... మని ఏదో పారింది. పెట్రోలు వాసన గుప్పుమంది. పారిపోదామనుకున్నాను. గొళ్లెం ఎటుందో తెలియలేదు. చేతికి తాడు తగిలింది. కళ్లు మూసుకుని లాగాను.

ఒక్క లాగుకే ఇంజను మోగింది.

ఒడ్డున ఎల్లాజీ తల్లి నూకాలమ్మ పడవ కింద దుంగలు పెట్టింది. వాడు మోకు కట్టాడు. నేను ట్రాక్టరుతో లాగాను. పడవ సరుగుడు చెట్ల దాకా ఎక్కాక వెనక్కి చూస్తే, అది ఉన్న చోట ఇసుక కనబడలేదు. అంతా నురగ.

తెల్లారాక చూశాను. కార్బ్యురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె మీద మసిలో రెండు మెరుపు గీతలు. పక్కపక్కనే. పాతవో, కొత్తవో... ముందెప్పుడూ గమనించలేదు.

మధ్యాహ్నం పాతపట్నం వెళ్లాను. ఖాదర్ భాయ్ నాలుగు రోజులుగా జ్వరంతో మంచం మీదున్నాడు. అంతా చెప్పాను. ఆయన నీరసంగా నవ్వాడు.

"కార్బ్యురేటర్లో సూది ఇరుక్కుంటది బాబూ. పెట్రోలు దిగదు. పైన రెండు దెబ్బలేస్తే ఊడుద్ది. నేను చేసేది అంతే. తలుపేసినా చప్పుడు ఆగదు కదా, ఇన్నేళ్లు బయట నిలబడి విన్నావు. నీ చెవిలో ఉండిపోయింది. సూది నువ్వు అన్నిసార్లు తాడు లాగిన కుదుపుకి ఊడుంటది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది సైన్సే, అనుకున్నాను.

టీ గ్లాసు తెచ్చిన ఆయన భార్య ఫాతిమాబీ గుమ్మంలో ఆగిపోయింది.

"నిన్న రాత్రి మందు తాగించి చెంచా పక్కన పెడితే, తీసుకుని మంచం కోడుకి కొడుతున్నాడు బాబూ. ఇనప మంచం. రెండుసార్లు కొట్టడం... ఆగడం... మళ్లీ రెండుసార్లు. ఏమయ్యా అంటే, 'తలుపు లోపలున్నాడు, ఆణ్ణి లాగమను' అన్నాడు. జ్వరంలో పలవరింత అనుకున్నా."

ఖాదర్ భాయ్ నవ్వు ఆగిపోయింది. ఆయనకేమీ గుర్తులేదు. నా ముఖం చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అది నా చెవో, ఆయన చెయ్యో, ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ రాత్రి దుంగలు మోసిన నూకాలమ్మకి, నన్ను నమ్మిన ఎల్లాజీకి, దాచకుండా చెప్పిన ఫాతిమాబీకి, కోలుకున్నాక షెడ్డు తలుపు తెరిచి పెట్టి పని చేసిన ఖాదర్ భాయ్‌కి నా నమస్కారాలు. ఇంజన్ల పుస్తకంలో చినిగిన చోట నా చేతిరాత పేజీలు రెండు అతికించనిచ్చిన లైబ్రరీ గుమాస్తా సూర్యనారాయణగారికి కూడా. అందులో సూది సంగతి అంతా రాశాను. గిన్నె మీద రెండు దెబ్బలు వెయ్యాలని రాశాను.

షెడ్డులో కొట్టినవారికి కూడా దండం పెడుతున్నాను. పేరు రాద్దామంటే తెలియదు.