కూర్చోమనని సార్

కాలేజీ మన గదిలోకే వచ్చేసిన ఆ రోజుల్లో, సార్లంటే ఉండే భయం కూడా దాని వెంటే వచ్చేస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఇంగ్లండులోని కోవెంట్రీలో నేను ఎమ్మెస్సీ చేస్తుండగా కరోనా వచ్చి క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి దూరాయి. నేను అద్దెకున్న ఇంటి ఆంటీది గుంటూరు (కూరలో కారం, మాటలో ఇంకా కారం). ఆవిడ డిగ్రీ అంతా పోస్టులోనే చదివింది. పాఠాలు ఖాకీ కవర్లలో వచ్చేవట, ఆదివారాలు రేడియోలో ఓ సార్ వివరించేవారట. "సార్ గొంతు వినపడగానే లేచి నిలబడేదాన్నబ్బాయ్. మా అమ్మ కూర్చోమనేదాకా కూర్చోలా," అని చెబితే పడీ పడీ నవ్వాను. "రేడియోకి కళ్లుంటాయా ఆంటీ?" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది.

ఆ తర్వాతి వారమే ఆన్‌లైన్‌లో నా వైవా. అప్పటికే ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే డిగ్రీ లేదు, పెట్టె సర్దుకోవడమే. పైన ఇస్త్రీ చొక్కా, టై, కింద గళ్ల లుంగీతో (బల్ల కింద ఎవరు చూడొచ్చారు?) సిద్ధంగా కూర్చున్నాను. తెర మీద తెల్లమీసాల ప్రొఫెసర్ కనిపించారో లేదో, కాళ్లు నన్నడక్కుండానే లేచాయి. "గుడ్ మార్నింగ్ సర్!" అన్నాను. ఆయన కూర్చోమంటారని చూశాను. అనలేదు. సార్ చెప్పకుండా కూర్చునే అలవాటు మనకు లేదాయె! ఎందుకు నిలబడ్డావని అడిగే అలవాటు వాళ్లకు లేదు. "ఆర్ యూ కంఫర్టబుల్?" అని మాత్రం అడిగారు. "వెరీ కంఫర్టబుల్ సర్," అన్నాను. ఇరవై నిమిషాలు అలాగే నిలబడి జవాబులు చెప్పాను. ఆయన పాపం కాగితాల మీంచి తలెత్తలేదు. చివర్లో కళ్లు దించి చూస్తే, తెర మూలన చిన్న గడిలో ఓ లుంగీ ముడి కనిపించింది. ఎవరిదా అనుకున్నాను. నాదే! నా ముఖం గడిలో ఎక్కడా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తలుపు దగ్గర ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "కెమెరాకి కళ్లుంటయ్‌గా అబ్బాయ్!"

పాసయ్యాను. 'తన వాదన మీద చివరిదాకా నిలబడ్డాడు' అని ప్రొఫెసర్ ఇంగ్లీషులో రాశారు (ఆంటీ ఆ ముక్క ఇప్పటికీ ఫోన్లో నాకు అప్పజెబుతుంది).

ఇప్పుడు నేనే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాను. నేను రాగానే కనిపించేవి నల్లటి గళ్లు, వాటి మీద పేర్లు. ఏ ముఖమూ ఉండదు, నాకూ అలవాటైపోయింది. మొన్న కొత్త బ్యాచ్ మొదటి క్లాసులో మాత్రం ఒక గడి వెలిగింది. అందులో ఓ అమ్మాయి ముఖం కనిపించి, చటుక్కున పైకి మాయమై, చున్నీ కొసలు మాత్రం మిగిలాయి. "గుడ్ ఈవెనింగ్ సర్!" అని ఎక్కణ్నుంచో గొంతు వినిపించింది.

"కూర్చోమ్మా," అన్నాను, క్లాసంతా వింటోందని మరిచిపోయి, తెలుగులో. ఆ లుంగీ కుర్రాడిక్కూడా ఇన్నాళ్లకి ఒకరు కూర్చోమన్నట్టయింది.