తండ్రిని కానని ఒక సంతకం

నా కూతురికి ఇంజినీరింగ్ సీటు కోసం మాజీ సైనికుల పిల్లల కోటాలో పెట్టిన కాగితాలు ఒక్క గడి దగ్గర ఆగిపోయాయి. నా డిశ్చార్జ్ బుక్కులో ఆమె తండ్రిని నేను. పదో తరగతి మెమోలో మాత్రం తండ్రి నా బావమరిది. "ఆ పేరున్న మనిషితో, తాను తండ్రిని కానని నోటరీ చేయించుకుని రండి. రేపు సాయంత్రమే ఆఖరు" అన్నాడు కోటా కాగితాలు చూసే గుమస్తా.

నేను సరిహద్దుల్లో ఉన్నన్నాళ్లూ భార్యాబిడ్డలు రాజోలి దగ్గర నా భార్య పుట్టింట్లో, ఈ బావమరిది దగ్గరే ఉన్నారు. మెమో వచ్చిన రోజే పేరు చూశాం. దిద్దిస్తాను, దిద్దిస్తాను అంటూ రెండేళ్లు గడిపేసింది నేనే. పటాలంలో బూటు లేసు వదులుగా ఉన్నా ఊరుకోని మనిషిని! తప్పు నాదని తెలిసినకొద్దీ కోపం బావమరిది మీదికి పోయింది.

మర్నాడు పొద్దున్నే తిమ్మాజిపేటలో బయల్దేరి, వనపర్తిలో బస్సు మారి నేనూ కూతురూ గద్వాల చేరాం. దారంతా నేను గడియారం చూసుకోవడమే. తిరుగు ప్రయాణంలో ఒంటిగంట బస్సు తప్పితే కోటా ఆఫీసు మూసేలోపు చేరడం కష్టం.

"జర నిమ్మళంగ కూసో నాయినా" అని మా అమ్మాయి రెండుసార్లు కసిరింది.

రాత్రే ఫోన్ చేసి రమ్మన్నందుకు బావమరిది కోర్టు బయట నోటరీ దగ్గర మాకంటే ముందే నిలబడి ఉన్నాడు. చూడగానే అరిచేశాను.

"దిమాక్ ఉన్నదా నీకు? నా బిడ్డకు నీ పేరు రాపిస్తవా?"

"బడిల ఏసేనాడు నీ పేరే చెప్పిన బావా. తండ్రి సంతకం కావాలె, ఆయనేడి అన్నడు సారు. నువ్వు లడఖ్‌ల ఉంటివి. పోరి నా అంగీ పట్టుకొని ఒకటే ఏడుపు. పెట్టమన్న కాడ సంతకం పెట్టిన. ఏం రాసుకున్నడో నాకేం తెల్సు?"

నాకు సిగ్గేసింది.

నోటరీ దగ్గరి టైపిస్టు కాగితం చదివి వినిపించాడు. "సదరు బాలికకు నేను తండ్రిని కాను. ఆమెపై నాకు ఎట్టి హక్కూ లేదు." బావమరిది పెన్ను తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టాడు.

"మొదటి మాటకు పెడ్త బావా. రెండోది ఎందుకు? ఏడేండ్లు నా ఇంట్ల పెరిగింది."

"అందరికీ అట్లనే కొడ్తం" అన్నాడు టైపిస్టు. "మళ్ల కొట్టాల్నంటే అరగంట. ముందు ఇద్దరున్నరు."

పన్నెండున్నర దాటింది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. ఇంత దాకా వచ్చి సీటు పోగొట్టుకోవాలా? కూతురి వైపు చూశాను.

"తీసెయ్యమను నాయినా" అంది.

ఒంటిగంట బస్సు పోయింది. తర్వాతి బస్సులో నిలబడే వెళ్లాం. చేరేసరికి గుమస్తా బీరువాకు తాళం వేస్తున్నాడు. నా ముఖం చూసి మళ్లీ తీశాడు. కాగితం పైనుంచి కిందికి చదివి, "హక్కు లేదన్న వాక్యం ఉండాలి కదా, మరిచిపోయారా?" అన్నాడు.

"మరిచిపోలేదు సార్. ఆయనకు హక్కున్నది" అన్నాను.

అతను ఇంకేం అడగకుండా ముద్ర వేశాడు.