వరలక్ష్మమ్మగారు, లంకలో డబ్బా

మొగల్తూరు వరలక్ష్మమ్మగారికి యాభై ఆరేళ్ళ వయసులో జియోకాషింగ్ పిచ్చి పట్టింది. పిచ్చి అన్న మాట నాది కాదు, ఆవిడ భర్త శ్రీనివాసరాజుగారిది. అసలు తప్పు కూడా ఆయనదే.

రొయ్యల చెరువు కొలుచుకుందామని 2005లో ఆయన చేతిలో పట్టే జీపీఎస్ యంత్రం ఒకటి తెప్పించారు. దాన్ని పట్టుకుని గట్టు చుట్టూ తిరిగొస్తే చెరువు ఎంతుందో అదే చెబుతుంది. చెప్పింది. దస్తావేజులో ఉన్నదానికంటే పన్నెండు సెంట్లు తక్కువ చెప్పింది. రాజుగారు మూడుసార్లు తిరిగారు, మూడుసార్లూ అదే మాట. తాతగారి దస్తావేజు అబద్ధమాడదు కాబట్టి యంత్రమే పనికిమాలినదని తేల్చి, బీరువాలో పట్టుచీరల కింద పడేశారు.

పెళ్ళయిన కొత్తలో వరలక్ష్మమ్మగారు కారు అద్దాలకు తెరలు కట్టుకుని ప్రయాణాలు చేసిన మనిషి. నరసాపురం వెళ్ళొచ్చినా దారిలో ఏముందో తెలిసేది కాదు. తెరలు పోయాక కూడా పెళ్ళికో, పరామర్శకో, మొక్కు తీర్చడానికో తప్ప గడప దాటింది లేదు. నోరు మాత్రం ఏ రోజూ తెర వెనక ఉండలేదు.

ఆ డిసెంబరులో భీమవరంలో ఇంజనీరింగ్ చదివే ఆడపడుచు కూతురు కీర్తిప్రియ సెలవులకొచ్చి, బీరువాలో యంత్రాన్ని చూసి ఎగిరి గంతేసింది.

"అత్తయ్యా, దీంతో జియోకాషింగ్ అని ఓ ఆట ఉంది. ఎవరో ఎక్కడో డబ్బా దాచి, ఆ చోటు అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. అంకెలు ఇందులో వేస్తే బాణం దారి చూపిస్తుంది. వెళ్ళి వెతుక్కోవడమే."

"దొరికితే ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరు. అందులో ఉన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టేసి రావాలి."

"ఆ మాత్రానికి వెళ్ళడమెందుకే?"

"అదే ఆట!"

వరలక్ష్మమ్మగారు భోజనం చేస్తున్నంతసేపూ ఆలోచించారు. ఇంత పనికిమాలిన కారణంతో ఆవిడ ఇంతవరకూ ఎక్కడికీ వెళ్ళలేదు. మజ్జిగన్నం దగ్గరికొచ్చేసరికి ఆశ పుట్టేసింది.

వాళ్ళకు దగ్గరలో ఉన్న డబ్బా ఒక్కటే. ఆత్రేయపురం ఎదురుగా గోదావరి లంకలో, ఒడ్డు కోసుకుపోకుండా పేర్చిన రాళ్ళ మధ్య ఉందట. దాచినాయన రాజమండ్రిలో ఫిజిక్స్ లెక్చరరు గోపాలకృష్ణమూర్తి. ఏడాదిలో దాన్ని కనిపెట్టినవాళ్ళు ఇద్దరు, అందులో ఒకరు ఆయన సొంత తమ్ముడు. ఒక్క రోజులో వెళ్ళి వెతికి రావడం కుదరదు కాబట్టి ఓ రాత్రి లంకలోనే ఉండాలనుకున్నారు.

"లంకలో పడుకోవడం ఏంటి?" అన్నారు రాజుగారు. "మన ఇంటి ఆడవాళ్ళు ఇసకలో పడుకుంటారా?"

"మంచం పట్టికెళ్తున్నానండి."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు?"

"మొక్కు అని చెప్పండి. ఏ మొక్కని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కదా."

ఫిబ్రవరిలో బయల్దేరారు. కీర్తిప్రియ కాకుండా నరసాపురంలో లేసు అల్లే సూరమ్మ కూడా తోడొచ్చింది. సూరమ్మకీ వరలక్ష్మమ్మగారికీ ముప్పై ఏళ్ళ స్నేహం. "మీరు డబ్బా వెతుక్కోండి, నేను అల్లిక చేసుకుంటాను" అన్న షరతు మీద వచ్చింది. రెండు మడత మంచాలు, ఎండకీ మంచుకీ కట్టుకోడానికి చెరువు దగ్గరి బరకం, కిరసనాయిలు స్టవ్వు, మాగాయ జాడీ, నీళ్ళ బిందె చూసి పడవ నడిపే లాజరు, "కాపరానికొచ్చేరాండి?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే వేట మొదలైంది. బాణం ఇరవై అడుగుల దూరం దాకా బుద్ధిగా తీసుకొచ్చి, అక్కణ్ణించి దారి తప్పిన దూడలా తిరగడం మొదలెట్టింది. వరలక్ష్మమ్మగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని రాయి రాయీ కదిపి చూస్తుంటే, గేదెలు మేపుకునే పాపాయమ్మ వచ్చి పక్కనే నిలబడింది.

"ఏం పోయిందండి?"

ఆట తెలియనివాళ్ళ కంట పడకూడదన్నది నియమం. కీర్తిప్రియ చెయ్యి గిల్లింది. ఆ కంగారులో వరలక్ష్మమ్మగారు, "చెవిదిద్దు" అనేశారు.

అనకుండా ఉండాల్సింది. బంగారం పోయిందంటే గోదావరి జిల్లాల్లో చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు ఉండరు. పాపాయమ్మ ఒక్క కేక పెట్టింది. అరటితోటలోంచి మనుషులొచ్చారు. లాజరు పడవ వదిలేసి వచ్చాడు. కాసేపటికి పద్నాలుగుమంది రాళ్ళలో వంగి దిద్దు వెతుకుతున్నారు. నిజం తెలిసిన సూరమ్మ కూడా అల్లిక పక్కన పెట్టి వాళ్ళతో కలిసింది. "అందరూ వెతుకుతుంటే కూచోడం బాగోదు కదండి" అని తర్వాత సంజాయిషీ ఇచ్చింది.

ఉన్నట్టుండి పాపాయమ్మ నడుం నిటారుగా చేసి చూసింది.

"రెండు చెవులకీ దిద్దులున్నాయి కదండీ?"

"ఇది మూడోది" అన్నారు వరలక్ష్మమ్మగారు.

అంతలో లాజరు ఓ రాతి కిందనుంచి మూత బిగించిన ఆకుపచ్చ డబ్బా లాగి, "ఇందులో పెట్టుకున్నారాండి?" అని చూపించాడు. అతని పక్కనే ఓ ముసలాయన రాయి గీరుకుని రక్తమొస్తున్న వేలిని పంచెతో అదుముకుంటున్నాడు. అది చూశాక వరలక్ష్మమ్మగారికి తల కొట్టేసినట్టయింది. అందర్నీ కూచోమని, దిద్దు సంగతి అబద్ధమని ఒప్పుకుని, ఆట గురించి మొదట్నించీ చెప్పారు.  అంతా విని పాపాయమ్మ లెక్క తేల్చుకుంది.

"అంటే మీకేం పోలేదు."

"లేదు."

"ఇప్పుడేం దొరకనూ లేదు."

"లేదు."

"మంచి ఆటేనండి."

అందరూ ఒక్కసారి నవ్వారు. పుస్తకంలో సంతకాలు చేశారు. సంతకం రానివాళ్ళు పాపాయమ్మ కాటుకతో వేలిముద్రలు వేశారు. ఏదైనా తీసుకుంటే దానికి తగ్గనిది పెట్టాలని కీర్తిప్రియ చెబితే, లాజరు డబ్బాలో ఉన్న గాజుగోళీల్లోంచి ఒకటి తీసుకుని రెండు పూతరేకులు పెట్టాడు. గోళీ కంటే పూతరేకు తక్కువని పూతరేకులకి పేరుపడ్డ ఆత్రేయపురం ఎదుట నిలబడి ఎవరంటారు? డబ్బా మళ్ళీ అదే రాతి కిందికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు కీర్తిప్రియ ఇంటర్నెట్‌లో రాసింది.

పది రోజుల తర్వాత గోపాలకృష్ణమూర్తిగారి నుంచి ఈమెయిలొచ్చింది. డబ్బా నిండా చీమలట. తినుబండారాలు పెట్టరాదట. బయటివారికి చోటు తెలియనివ్వరాదట. నియమాలు చదువుకుని ఆడవలసిందిగా ప్రార్థనట.

వరలక్ష్మమ్మగారు జవాబు చెప్పి రాయించారు. "అయ్యా, చీమల విషయంలో క్షమించండి. దిద్దు అబద్ధానికి ఆ పద్నాలుగుమందికీ క్షమాపణ చెప్పుకున్నాను, మళ్ళీ మీకు చెప్పక్కర్లేదు. మీ డబ్బాని ఏడాదిలో ఇద్దరు చూశారు. మేము ఒక్క పూటలో చూసినవాళ్ళని లెక్కపెట్టుకోండి." 

ఆగస్టులో గోదావరి పొంగింది. లంక మునిగింది. డబ్బా కొట్టుకుపోయిందనీ, ఇక ఎవరూ వెళ్ళనక్కర్లేదనీ మూర్తిగారు ప్రకటించారు. కీర్తిప్రియ ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు వరలక్ష్మమ్మగారికి డబ్బా గుర్తు రాలేదు. పాపాయమ్మ ఏమైందోనన్న బెంగ పట్టుకుంది. టీవీలో లంకలు చూపిస్తుంటే దగ్గరికెళ్ళి కళ్ళజోడు సవరించుకుని చూసేవారు. నీళ్ళు, తాటితలలు తప్ప ఏమీ కనపడేవి కావు.

నీరు తీశాక అక్టోబరులో సూరమ్మని తీసుకుని వెళ్ళారు. వస్తున్నట్టు మూర్తిగారికి కబురు పెడితే, ఆయనా రేవులో ప్యాంటు మడుచుకుని, గొడుగు పట్టుకుని తయారుగా ఉన్నారు. పడవలో ఆయనా వరలక్ష్మమ్మగారూ చెరో కొసనా కూచున్నారు.

పాపాయమ్మ ఇంటి గోడల మీద ఛాతీ ఎత్తున బురద గీత ఉంది. కప్పు కొత్తగా తాటాకు నేశారు. పాపాయమ్మ మాత్రం మునుపటిలాగే ఉంది. వరలక్ష్మమ్మగారిని చూసి లోపలికెళ్ళి డబ్బాతో వచ్చింది.

"నీళ్ళు పెరుగుతుంటే రేషను కార్డు, కోళ్ళు, ఇది పట్టుకుని ఒడ్డు మీద బళ్ళోకి పోయేమండి. ఇందులో నా వేలిముద్ర ఉంది కదా, ఎలా వదిలేస్తాను?"

మూర్తిగారు చెయ్యి చాచారు. పాపాయమ్మ డబ్బా వెనక్కి లాక్కుంది.

"ముందు ఏదైనా పెట్టాలండి."

"అది నాదేనమ్మా."

"అవ్వొచ్చండి. అమ్మాయిగారు చెప్పిన రూలు అది."

మూర్తిగారు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. అప్పుడు దొరికింది డబ్బా. గోళీలు లేవు, బళ్ళో పిల్లలు ఆడుకున్నారట. వాటికి బదులు చింతపిక్కలు, చొక్కా గుండీలు, ఓ కోడి ఈక ఉన్నాయి. పుస్తకంలో కొత్తగా నలభై మూడు పేర్లున్నాయి. తొమ్మిది రోజులు బళ్ళో తలదాచుకున్నవాళ్ళందరిచేతా పాపాయమ్మ రాయించింది. మూర్తిగారు గడప మీద కూచుని ఒక్కో పేరూ చదివారు. చాలాసేపు చదివారు.

"వీళ్ళందర్నీ ఇంటర్నెట్‌లో ఎక్కించడానికి కుదరదండి" అన్నారు, పుస్తకం మూసి.

"పోనీ లెండి, వాళ్ళేం అనుకోరు" అన్నారు వరలక్ష్మమ్మగారు.

వారం తిరక్కుండా మూర్తిగారు పాత ప్రకటన తీసేసి పాపాయమ్మ ఇంటి అంకెలు పెట్టారు. కింద, "డబ్బా పాపాయమ్మగారిని అడగవలెను. ఏమీ పెట్టనివారికి ఇవ్వరు" అని రాశారు. ఆట పద్ధతికి అది పూర్తిగా విరుద్ధమని ఎక్కడెక్కడివాళ్ళో ఆయనకి ఉత్తరాలు రాశారట. ఆయన లెక్కచేయలేదు.

తర్వాతి నాలుగేళ్ళలో వరలక్ష్మమ్మగారు పదకొండు డబ్బాలు కనిపెట్టారు. మరో ఆరు దొరకలేదు. దొరికినవాటి గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. యానాం దగ్గర మడ అడవిలో మోకాలి లోతు బురదలో రెండు గంటలు వెతికి, ఒక చెప్పు పోగొట్టుకుని ఉత్త చేతులతో వచ్చిన రోజు గురించి అడిగితే మాత్రం, భోజనం పెట్టి మరీ చెబుతారు.