సంతలో ఉప్పమ్మే గొంతు

తొంభైల్లో కిరండూల్ పాసింజర్‌లో నా ఎదుట కూర్చున్నావిడ అరకు సంతలో ఉప్పు అమ్మేది. పాదాలు వాచి పట్టకపోవడంతో చెప్పులు ఒళ్లో పెట్టుకుంది. నేను నర్సునని తెలియగానే కాలు ముందుకు చాపింది.

"ఉప్పు మానీమన్నారు, మానీసినాను. సప్పిడి గంజే తాగుతన్నాను. అయినా వాపు దిగదేటి సిస్టరమ్మా?"

వేలితో నొక్కితే గుంట పడింది, ఎంతకీ పూడలేదు.

సొరంగంలో చీకటి పడ్డప్పుడు ఆవిడ ఏదో నములుతున్న చప్పుడు వినిపించింది. వెలుతురు రాగానే అడిగాను. అతిమధురం వేరట. అరిచి అరిచి గొంతు పోతుందని పొద్దస్తమానం బుగ్గన పెట్టుకుంటుందట.

"నీ వాపు దానివల్లే కావచ్చు పిన్నీ. అది ఒంట్లోంచి ఉప్పునీ నీళ్లనీ బయటికి పోనివ్వదు. బీపీ పెరుగుతుంది, గుండెకి ముప్పు. ఇవాళే మానెయ్యి, డాక్టరుకి చెప్పు."

ఆవిడ నవ్వింది. "గొంతు లేకపోతే నా ఉప్పు ఎవులు కొంతారమ్మా? ఈ సంత అయిపోనీ."

ఇంతలో అరకు వచ్చేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయింది.

ఇప్పటికీ ఏ సంతలోనైనా "ఉప్పో" అన్న కేక వినిపిస్తే నా కాళ్లు ఆగిపోతాయి. గొంతు బొంగురుగా ఉంటే ఊపిరి పీల్చుకుంటాను. ఖంగున మోగిందా, ఆ మనిషి పాదాలకేసి చూస్తాను.